పదిహేనో అడ్మిషన్

ఏటా ఎండకాలం సెలవులు అయిపోవస్తున్నయంటె నాకు ఫోన్లు మొదలైతయి. తెలిసినోళ్లు, తెలిసినోళ్లకు తెలిసినోళ్లు. "సార్, మా పిల్ల బీఎస్సీల ఫిజిక్స్ తీసుకుంట అంటున్నది. తీసుకోవచ్చునా? ముంగట ఏమన్న ఉంటదా?" అని. ముప్పై ఏండ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరైనోన్ని కాబట్టి నా దగ్గర జవాబు తయారుగ ఉంటదని వాళ్ల నమ్మకం. ఒకప్పుడు ఉండేది గూడ. ఇప్పుడు మాత్రం, "పిల్లను ఒకసారి నా దగ్గరికి పంపియ్యండి, మాట్లాడుత" అని పెట్టేస్త. ఫోన్ల జవాబు చెప్పుడు మానుకొని చాన్నాళ్లయింది. ఎందుకు మానుకున్ననో రాస్తె, మొన్న మొన్ననే లెక్చరర్లయిన మీ అసుంటోళ్లకు పనికొస్తదేమో. రాకున్నా సరే, నాకైతె రాసుకోవాలనున్నది.

చేవెళ్ల దిక్కు ఒక సర్కారు డిగ్రీ కాలేజీల పని చేసిన. ఏ కాలేజీ అని అడగకండి, పేర్లు రాస్తె ఇంక సర్వీసుల ఉన్నోళ్లకు తలనొప్పి. నేను అక్కడికి బదిలీ మీద వచ్చిన కొత్తల ఫిజిక్స్ క్లాసుల నలభై మంది కూసునేటోళ్లు. షాబాద్ దిక్కు నుంచి, మొయినాబాద్ నుంచి, దొంతన్‌పల్లి అవతలి నుంచి బస్సులల్ల వచ్చేటోళ్లు. ల్యాబుల ఒక్కో మిషన్ దగ్గర ఐదారుగురు చేరి వంతుల కోసం కొట్లాడుకునేటోళ్లు. పైకి కోపం చేసుకుంట, లోపల సంబురపడేటోన్ని.

తర్వాత గండిపేట దిక్కు ఇంజనీరింగ్ కాలేజీలు లేచినయి. వాళ్ల బస్సులు ఊర్లల్లకే వచ్చి పిల్లలను ఎక్కించుకపోవుడు షురువైంది. నలభై మంది ఇరవై ఐదైన్రు, ఇరవై ఐదు పద్దెనిమిదైంది. పిల్లలను తప్పుపట్టలే. నా సొంత బిడ్డ గూడ అసుంటి కాలేజీలనే కంప్యూటర్స్ చదివింది. నేనే దగ్గరుండి చేర్పించిన.

నాకు ఇంక ఐదేండ్ల సర్వీసు ఉన్నదనంగ పైనుంచి కాయితం వచ్చింది. ఏ గ్రూపుల పదిహేను మందికి తక్కువ చేరితె ఆ గ్రూపు నడపొద్దని. మా గ్రూపుల లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. లెక్కల సారుకు వేరే గ్రూపులల్ల క్లాసులు ఉన్నయి, ఆయనకు ఫికర్ లేదు. గండం నాకు, కెమిస్ట్రీ మేడంకు. ఆమె నాకన్న పదేండ్లు చిన్నది. మాట కారం, మనసు మెత్తన. ఇద్దరు పిల్లలు చేవెళ్లలనే స్కూలుకు పోతుండిరి. కాలేజీ దగ్గరనే కిరాయికి ఉంటుండె. గ్రూపు పోతె ఆమెను ఎక్కడికో డిప్యుటేషన్ మీద పంపుతరు.

"సార్, ఇన్నేండ్లు పాఠం చెప్పినం. ఇగ ఊరూరు తిరిగి అమ్ముదాం పట్టండి" అన్నది.

అట్ల తిరిగినం. నా స్కూటర్ మీద నేను, తన స్కూటీ మీద ఆమె. జూనియర్ కాలేజీలకు పోయి, ఇంటర్ రెండో సంవత్సరం పిల్లల ముంగట ఒక అరగంట అడిగి తీసుకునేటోళ్లం. ఆమె రంగులు మారే నీళ్లు చూపిచ్చేది. నేను ఒక గాజు తొట్టిల నీళ్లు పోసి, రెండు చుక్కల పాలు కలిపి, లేజర్ లైటు వేసి వెలుగు వంగేది చూపెట్టేటోన్ని. చివరికి పాంప్లెట్లు పంచేటోళ్లం. ఫిజిక్స్ చదివితె ఎన్ని ఉద్యోగాలో అండ్ల పెద్ద లిస్టు ఉండేది. ఆ లిస్టు రాసింది నేనే. అండ్ల సగం ఉద్యోగాలు చేసేటోళ్లను నేను జన్మల చూడలే.

మొయినాబాద్ మండలంల ఒక కాలేజీల అట్లనే చెప్తుంటె, కడాఖరి బెంచి మీదికెళ్లి ఒక పిల్ల లేచి నిలబడ్డది. సన్నగ, ఎత్తుగ ఉన్నది.

"సార్, నీళ్లల్లకు పోంగనె వెలుగు నెమ్మదైతది అన్నరు గద. మళ్ల బయటికి రాంగనె ఎప్పటి వేగం ఎట్ల వస్తది? వెనకకెళ్లి ఎవరు నూకుతరు?"

పిల్లలు నవ్విన్రు. నేను నవ్వలే. అప్పటికి ఇరవై ఐదేండ్ల సర్వీసు నాది. ఆ పాఠం ఎన్నిసార్లు చెప్పిననో లెక్క లేదు. ఒక్కరు గూడ ఆ ప్రశ్న అడగలే. నిజం చెప్పాలంటె, చదువుకునే రోజులల్ల నాకు నేను గూడ అడుక్కోలే.

"మా కాలేజీకి రా, చెప్త" అన్న. అమ్మే పనిల పడ్డంక అన్నీ ఎరలే గద.

ఆమె నిజంగనె వచ్చింది. పరీక్షలైపోయి ఇండ్లల్ల ఖాళీగ ఉండే రోజులు. మాకేమొ అడ్మిషన్ల డ్యూటీ. కాలేజీ అంత నిర్మానుష్యంగ ఉండేది. మొయినాబాద్ నుంచి బస్సు దిగి, ఎండల నడుసుకుంట వచ్చి, "సార్, చెప్త అన్నరు" అని గుమ్మంల నిలబడ్డది.

బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన. వెలుగు అలసిపోయేది కాదు. నీళ్లలోని అణువులు దానితోటి పాటు ఊగి, తమ అలలు గూడ అండ్ల కలుపుతయి. అన్నీ కలిసిన అల మెల్లగ ముందుకు జరుగుతది. బయటికొచ్చినంక కలిసేటోళ్లు ఎవరూ ఉండరు, తన నడక తనది.

జరసేపు బోర్డు దిక్కే చూసింది. "అంటె వెలుగు నెమ్మదవ్వలే సార్. పెండ్లి బరాత్‌ల కలిసింది. బరాత్ ఎట్ల నడిస్తె అట్ల నడిచింది" అన్నది.

ఇంత ముచ్చటగ ఏ పుస్తకంల చదవలే నేను. తర్వాత నా క్లాసులల్ల ఆ మాటనే చెప్దామనుకున్న. మళ్ల ఆ పాఠం చెప్పే క్లాసు నాకు మిగలలే, అది వేరే సంగతి.

వారం దినాలల్ల నాలుగు రోజులు వచ్చింది. ఇంక అడ్మిషన్ గూడ తీసుకోలే, హాజరు పట్టిల పేరు లేదు. అయినా నా సర్వీసు మొత్తంల నేను మంచిగ చెప్పిన పాఠాలు ఏవంటె ఆ నాలుగు రోజులవే. మూడో రోజు డార్క్‌రూం తెరిచి సోడియం దీపం ముట్టిచ్చిన. మొదాలు ఎర్రగ వెలిగి, మెల్లగ పసుపు పచ్చకు తిరుగుతది అది. స్పెక్ట్రోమీటర్‌ల పసుపు గీత ఎట్ల పట్టుకోవాల్నో చూపెట్టి, పక్కకు జరిగిన. ఆమె ఒక కన్ను మూసి, స్క్రూ మెల్లమెల్లగ తిప్పింది.

"సార్, ఇది ఒక గీత కాదు. రెండున్నయి. దగ్గరదగ్గరగ."

రెండుంటయని నేను చెప్పలే. చెప్పినంక గూడ కనబడక, కనబడ్డయని రికార్డుల రాసే పిల్లలే ఎక్కువ. చీకట్ల నా ముఖం ఆమెకు కనబడలే, అదే మంచిదైంది. "శబాష్" అనబోయి, మొదాట్లనే మెచ్చుకుంటె చెడిపోతరని నా పాత అలవాటు, "ఊ, సరే, ఆ కొలత రాసుకో" అన్న.

ఆ చీకటి గదిల నేను యాదికొచ్చిన నాకే. ఎమ్మెస్సీ అయిపోయినంక మా ప్రొఫెసర్ రీసెర్చికి ఉండుమన్నడు. ఇంట్ల తమ్ముళ్లున్నరు, జీతం కావాలె అని ఉద్యోగంల చేరిన. తప్పు చేసిననని ఎన్నడు అనుకోలే. ఆ పిల్ల స్క్రూ తిప్పుతుంటె మాత్రం, నేను ఇడిసిపెట్టి వచ్చిన ఆ ల్యాబు వాసన ఎక్కడినుంచో వచ్చినట్టయింది.

ఆన్‌లైన్‌ల ఆప్షన్లు పెట్టుకునే ఆఖరి రోజు వచ్చింది. పద్నాలుగు మందయిన్రు. పదిహేనో అడ్మిషన్ ఈ పిల్లదే అని మేడం, నేను ధీమాగ ఉన్నం. నాలుగో రోజు పోతపోత, బాపును తోల్కొని వస్తనని చెప్పింది గద.

ఆ పొద్దున ఇంకొకరు ముందు వచ్చిన్రు. నా పాత స్టూడెంటు. మా కాలేజీ నుంచి పోయి ఎమ్మెస్సీల గోల్డ్ మెడల్ తెచ్చుకున్నోడు. వాని ఫోటో ఏడాదిపాటు మా నోటీసు బోర్డు మీద ఉండె. మూడేండ్ల సంది లెక్చరర్ నోటిఫికేషన్ కోసం చూసుడు, పడక ఒక ప్రైవేటు కాలేజీల చెప్పుడు, అక్కడ సగం జీతం ఆపుడు, అన్నీ అయినయి. సర్టిఫికెట్ల జిరాక్సులు పట్టుకొని వచ్చిండు, సంతకాలు చెయ్యమని.

"దేనికిరా?"

"మొయినాబాద్ రోడ్డు మీద రిసార్టుల రిసెప్షన్‌ల పోస్టున్నది సార్. ఇంగ్లీషు మంచిగ రావాలె అన్నరు."

గోల్డ్ మెడల్ కాయితం మీద గూడ సంతకం పెట్టిన. వాడు నవ్వుకుంటనే పోయిండు. నాకు మాత్రం నోరంత చేదైంది.

ఇంకో గంటకు ఆ పిల్ల వచ్చింది. వెంట వాళ్ల బాపు. తెల్ల అంగీ ఇస్త్రీ చేసుకొని వచ్చిండు. చేతులు చూస్తె మట్టిపని చేసే మనిషని తెలుస్తున్నది. రెండు చేతులు జోడించి "వందనాలు సార్" అన్నడు. కుర్చీల కూసోమంటె కూసునేతందుకు కష్టపడ్డడు, మోకాళ్లు వంగుతలేవు. పక్క టేబుల్ మీద మేడం ఆన్‌లైన్ ఫారం తెరిచిపెట్టుకొని ఉన్నది. ఒక్క బటను నొక్కుడే తక్కువ.

"నేను సదువుకోలే సార్. మొయినాబాద్ అవతల ఒక ఫాంహౌస్‌ల మాలి పని చేస్త. ఈడ ఫీజు ఎక్కువుండదని మేడం చెప్పింది. నా ఫికర్ ఫీజుది కాదు. మూడేండ్లు సదివినంక ఏముంటది?"

"ఎమ్మెస్సీ చెయ్యాలె. ఇంకో రెండేండ్లు."

"ఆ తర్వాత?"

"బీఈడీ చేస్తె టీచరు కావొచ్చు. లేకుంటె లెక్చరర్ పరీక్ష రాయాలె. నోటిఫికేషన్ పడ్డప్పుడు."

"అదెప్పుడు పడ్తది సార్?"

నేను టేబుల్ మీది పాంప్లెట్లను జర పక్కకు జరిపిన. ఆయన తన కాళ్ల దిక్కు చూసుకున్నడు.

"ఆరేడేండ్లు అనుకోవాలె అయితె. నా మోకాళ్లు అన్నొద్దులు ఆగుతయా సార్?"

నవ్వులాటకు అడగలే. నిజంగనె నా నుంచి జవాబు కావాలె ఆయనకు. "మా ఫాంహౌస్ సారేమొ కంప్యూటర్లు సదివియ్యి, తెలిసినోళ్ల కంపెనీల పెట్టిస్త అంటుండు. ఇదేమొ ఇంట్ల పది రోజుల సంది ఫిజిక్సు, ఫిజిక్సు అంటది. మీ పేరే జపం. అందుకే మిమ్ముల అడుగుదామని వచ్చిన. మీకు పిల్లలెంతమంది సార్?"

"ఒక్కతే బిడ్డ."

"ఏం సదివింది?"

"కంప్యూటర్స్."

ఆయన తప్పుపట్టినట్టు చూస్తె బాగుండు. తల ఊపిండు, అంతే. తనకు కావలసింది దొరికినట్టు.

మేడం నా దిక్కే చూస్తున్నది. ఇంకేదన్న మాట కలిపి సర్దుతననుకున్నది పాపం. సర్దొచ్చు గూడ. మా పాంప్లెట్ల లిస్టు ఆ టేబుల్ మీదనే ఉండె. కాని నా కండ్లల్ల గోల్డ్ మెడల్ కాయితమే మెదులుతున్నది. పిల్ల దిక్కు తిరిగి చెప్పిన:

"నీ మంచికోసం చెప్తున్న బిడ్డా. ఫిజిక్స్ వద్దు. కంప్యూటర్స్ తీసుకో."

ఆమె నా ముఖంల ఏదో వెతికినట్టు చూసింది. "సరే సార్" అన్నది. వాళ్ల బాపు చెయ్యి పట్టుకొని లేపింది. ఇద్దరు మెల్లగ గేటు దాక నడిచిపోయిన్రు. నేను కిటికీలకెళ్లి చూస్తనే ఉన్న.

మేడం కంప్యూటర్ బందు చేసింది. "నిజం చెప్పాలనిపిస్తె ఒక పూట సెలవు పెట్టరాదుండె సార్?" అన్నది. "అడ్మిషన్ల టేబుల్ మీద కూసొనే చెప్పాల్నా?"

సాయంత్రం దాక చూసినం, ఇంకెవరన్న వస్తరేమోనని. ఎవరూ రాలే. పద్నాలుగు దగ్గర్నే లిస్టు ఆగింది. గ్రూపు తీసేసిన్రు. ఆ పద్నాలుగు మంది తలా ఒక దిక్కు సర్దుకున్నరు. మేడంను జిల్లాల అటు మూలకున్న కాలేజీకి పంపిన్రు. రెండేండ్లు పొద్దున ఆరింటి బస్సుకు పోయి చీకటి పడ్డంక ఇల్లు చేరింది. నన్ను ఒక్క మాట అనలే మళ్ల. కలిసినప్పుడల్ల పిల్లల చదువుల గురించే మాట్లాడేది. తిడితెనే నయముండు అనిపించేది నాకు.

ముందుగాల చేరిన పాత బ్యాచీలు రెండు పాసై పోయేదాక నాకు ఏదో కొంత పని ఉండె. తర్వాత బీకాం పిల్లలకు పర్యావరణం పాఠం చెప్పుమన్నరు. చెప్పిన. చెట్లు నరకొద్దని, నీళ్లు వృథా చెయ్యొద్దని ఆ ఆఖరి ఏండ్లంత చెప్పిన. ఫిజిక్స్ ల్యాబు తాళం మాత్రం నా దగ్గర్నే ఉండేది, స్టాకు నా పేరు మీద ఉన్నది కాబట్టి. బూజు దులిపే సాకుతోటి అప్పుడప్పుడు తెరిచేటోన్ని. డార్క్‌రూంల స్టూలు మీద ఒక్కన్నే కూసొని వచ్చేటోన్ని. లోపల దీపం ముట్టిచ్చుకోవచ్చు, ఎవరూ కాదనరు. ఎందుకో ముట్టియ్యబుద్ధి కాకపోయేది. చూసి "రెండున్నయి సార్" అనేటోళ్లు లేకుంటె ఆ పసుపు వెలుగు ఏం చేసుకోను?

అప్పుడు నేను నిజమే చెప్పిననని నాకు నేను చాన్నాళ్లు చెప్పుకున్న. నా గ్రూపును పణంగ పెట్టి ఆ కుటుంబం మేలు చూసిన అని జర గర్వం గూడ ఉండె. తర్వాత రెండేండ్లకు ఆ గోల్డ్ మెడల్ పిలగాడు ఫోన్ చేసిండు. రిసార్టుల పని చేసుకుంటనే చదివి, గురుకులంల ఫిజిక్స్ లెక్చరర్ పోస్టు కొట్టిండు. "సార్, నేను అసలు ఆశ ఇడిసిపెట్టలే. ఆ రోజు సంతకం పెడుతుంటె మీరే దిగాలు పడ్డరు" అన్నడు. వాన్ని చూసి నేను ఇంకో పిల్లకు తీర్పు చెప్పిన. వాని కథ అప్పటికి సగమే నడిచిందని నాకు తట్టలే. ఒక్క చేదు పొద్దును పట్టుకొని లెక్క కట్టిన. ల్యాబుల పిల్లలు ఒక్క రీడింగు తీసి గ్రాఫు గీస్తె చీవాట్లు పెట్టేటోన్ని నేనే.

రిటైరైనంక ఏటా నవంబర్‌ల బ్యాంకుకు పోయి, నేను బతికే ఉన్ననని రుజువు చేసుకోవాలె. పెన్షనోళ్లందరికీ తెలిసిన తిప్పలే. మొన్నటి నవంబర్‌ల గూడ పోయిన. వేలిముద్ర మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా పడలే. చాక్‌పీసులు పట్టి పట్టి నా వేళ్లు అరిగిపోయినయని ఆ క్లర్కు పిల్ల నవ్వుకుంట, "జర సేపు కూసోండి సార్, మళ్ల చూద్దాం" అన్నది. వచ్చి కుర్చీల కూసున్న. పక్కన నా అసుంటోడే ఒక రిటైరైన పెద్దమనిషి, పోస్టాఫీసుల చేసినాయన.

"సార్, గుర్తుపట్టిన్రా?"

తలెత్తంగనె గుర్తుపట్టిన. ఎట్ల మర్చిపోత ఆ పిల్లను? మెడల కంపెనీ కార్డు వేలాడుతున్నది. వెనక వాళ్ల బాపు. చెయ్యి పట్టుకోకుంటనే నడుసుకుంట వచ్చిండు. రెండు మోకాళ్లకు ఆపరేషన్ చేయించిందట బిడ్డ. ఇప్పుడు మాలి పని లేదు. ఇంటి ముంగట బంతి చెట్లు పెట్టుకొని కూసుంటడట.

"మంచి మాట చెప్పిన్రు సార్ ఆ దినం. రోజు ప్రార్థనల మీ పేరు తలుసుకుంట" అని నా రెండు చేతులు పట్టుకున్నడు. నాకు ఎక్కడ చూడాల్నో తెల్వలే. ఆయనకు చెప్పింది తప్పెట్లయితది? ఆ నడకనే సాక్ష్యం.

ఆయన పాస్‌బుక్ పట్టుకొని కౌంటర్ దిక్కు పోయిండు. ఆమె నా పక్క ఖాళీ కుర్చీల కూసున్నది. గచ్చిబౌలి దిక్కు ఉద్యోగమట. పెండ్లి కుదిరిందట. చెల్లెను నర్సింగ్ చదివిస్తున్నదట.

"పని ఎట్లున్నదమ్మా?"

"మంచిగనే ఉన్నది సార్. అలవాటైంది." మెడల కార్డు తిప్పుకుంట అడిగింది. "ఒక మాట అడగొచ్చునా సార్? ఏమనుకోవద్దు."

"అడుగు."

"ఆ రోజు మీరు వద్దన్నది, నాకు ఫిజిక్స్ రాదనే గద?"

నాకు మొదాలు అర్థం కాలే.

"అంటె నాకు అంత తెలివి లేదని. బాపు ముంగట ఆ మాట అనలేక ఉద్యోగాలు లేవని చెప్పిన్రనుకున్న. నాలుగు రోజులు చూసిన్రు గద నన్ను, చూసినంకనే వద్దన్నరు. అందుకే నేను గూడ మళ్ల అటు దిక్కు చూడలే. ఇంటర్ పుస్తకాలు గూడ ఎవరికో ఇచ్చేసిన." నవ్వింది. "ఇప్పుడు బాధేం లేదు సార్. ఊకెనే, తెలుసుకుందామని."

ఉద్యోగాలు, నోటిఫికేషన్లు, మోకాళ్లు, అన్నీ తూకం వేసిన ఆ రోజు. ఎదురుంగ నిలబడ్డ పిల్ల నా ముఖంల వెతుక్కున్నది వేరే అని ఇన్నేండ్లల ఒక్క దినం తట్టలే.

"ఎవరన్నరు బిడ్డా?" అన్న. "నీ అంత బాగ చూసిన పిల్ల నా సర్వీసుల ఇంకొకరు రాలే. నీకు వచ్చేది. మస్తుగ వచ్చేది."

ఆమె కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంట, విప్పుకుంట కూసున్నది. కండ్లు నీళ్లతోటి నిండినయి గాని కిందికి పడనియ్యలే.

"మరి ఆ ఒక్క ముక్క చెప్పకపోతిరి సార్."

కౌంటర్ దగ్గరి నుంచి వాళ్ల బాపు పిలిచిండు, సంతకం కావాలని. ఆమె లేచి, నాకు దండం పెట్టి, పోయింది. పని అయినంక తలుపు దగ్గర ఒకసారి తిరిగి చూసి తల ఊపింది. ఇద్దరు కారెక్కి పోయిన్రు.

పోస్టాఫీసు పెద్దమనిషి అంతసేపు ఎటో చూస్తున్నట్టు కూసున్నడు గాని, అంత ఇన్నడని తెలుస్తనే ఉన్నది. నా దిక్కు తిరిగి అడిగిండు.

"మీ దగ్గర సదువుకున్న పిల్లనా సార్?"

"కాదన్నా" అన్న. "సదువుకోవలసిన పిల్ల."

క్లర్కు పిల్ల మళ్ల పిలిచింది. పోయి, వేలు పెట్టిన. ఈసారి పడ్డది.